జారెడు నేలమీద బండి

పోయిన నెల ఈ పుటలలో వానకాలమున పప్పులు, పిండ్లు పురుగుపట్టకుండ కాపాడుకొను విధములను వ్రాసితిమి. ఈ నెల వ్రాయబోవునదియు వానకాలపు సంగతియే. అయితే ఇది వంటయింటిది కాదు, వీధిది. మన సోదరీమణులలో మోటారు సైకిలుగాని స్కూటరుగాని నడుపువారు నేడు ప్రతి వీధిలోను కలరు. అంగడికి, ఉద్యోగమునకు, పొలమునకు, బిడ్డల బడికి, పెద్దవారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు ఆ బండియే వారికి ఆధారము. వీరిలో ఒకమారు బురదలోనో ఇసుకలోనో జారిపడి, గాయము మానిన పిమ్మట గూడ బండి తాళపుచెవిని చేతబట్టుటకు జంకుచు, ఆ బండిని వసారాలో గోనెపట్టా క్రింద ఉంచివేసినవారు పలువురు మాకు ఉత్తరములు వ్రాసియున్నారు. వారి కొరకే ఈ మాసపు మాటలు.

మోకాలి తోలు పదిదినములలో తిరిగి వచ్చును. లోపలి జంకు అట్లు పోదు. ఇంటిలోనివారు ప్రేమచేతనే దానిని పెంచుదురు. అత్తగారు “గండం గడిచింది, ఇంక దాని జోలికి పోకమ్మా” అందురు. భర్త “నేను దింపుతాలే” అనును. మొదటి వారము దింపును గూడ. రెండవ వారమున ఆయనకు పని తొందర, మూడవ వారమున ఆటో, నాలుగవ వారమునకు “ఈ పూట వెళ్లకపోతే ఏం?” అను ప్రశ్న. ఇట్లు ఒక స్త్రీ తన రాకపోకల వేళలన్నిటిని ఇతరుల వీలునకు ఒప్పగించి కూర్చుండును. సంగీతపు తరగతి మొదట పోవును, పిమ్మట పుట్టింటి రాకపోకలు తగ్గును, కడపట ఉద్యోగమునకే ముప్పు వచ్చును.

గోదావరి డెల్టాలో మాకు పరిచయమైన ఒక ఉపాధ్యాయిని కలరు. ఇంటికిని బడికిని 14 కిలోమీటర్లు. నాట్ల దినములలో ట్రాక్టర్లు చేలనుండి రోడ్డుమీదికి మోసికొనివచ్చిన బంకమట్టిపై, కాలువగట్టు మలుపులో, ఆమె 150 సీసీ మోటారు సైకిలు జారెను. కుడిచేతి మణికట్టు ఎముక చిట్లినది. ఆరువారములు కట్టు. కట్టు విప్పిన తరువాత నాలుగు నెలలు ఆమె బండి ముట్టలేదు. రెండు బస్సులు మారి, దిగినచోటినుండి రెండు కిలోమీటర్లు నడచి బడికి చేరుట, తిరిగి ఇల్లు చేరునప్పటికి దీపాలవేళ యగుట జరుగుచుండెను. బదిలీ అడుగుటయా, దీర్ఘపు సెలవు పెట్టుటయా, ఉద్యోగమే మానుటయా అని ఇంటిలో తర్కము మొదలయ్యెను. పండ్రెండేండ్ల ఉద్యోగము గంపెడు బురదతో తేలిపోవు స్థితికి వచ్చెను. ఆమె యెట్లు తేరుకొనిరో ముందు చెప్పెదము. అంతకుమున్ను నేలను, చక్రమును కొంచెము తెలిసికొనవలసియున్నది.

జారు నేలలన్నియు ఒక్క జాతివి కావు. ఇసుకలో చక్రము దిగి అటునిటు ఊగును. కంకరలో రాళ్లు చక్రము క్రింద గోళీలవలె దొర్లును. బంకమట్టి టైరు గాళ్లలో నిండి, ఎంత క్రొత్త టైరునైనను అరిగిన టైరువలె నున్నగా చేయును. తొలకరి మాట వేరు. వేసవియంతయు రోడ్డుమీద పేరుకొనిన నూనె, దుమ్ము మొదటి జల్లుతో కలిసి జిడ్డుపొరయగును. గంటసేపు గట్టిగా కురిసి కడిగివేసిన రోడ్డుకంటె ఆ మొదటి పదినిమిషముల తడియే అపాయకరము. అప్పుడు ఒక కప్పు టీ త్రాగుచు ఏ కొట్టు చూరుక్రిందనో నిలుచుట తెలివిగల పని. రోడ్డుమీది తెల్లరంగు చారలు, కాలువల ఇనుప మూతలు, రైలుగేటువద్ద పట్టాలు, ఇవి పొడిగా నున్నప్పుడు మంచివే, తడిసినచో సబ్బుబిళ్లలు. కోతకాలమున రోడ్డుపై ఆరబోసిన వడ్లమీద కోపపడుటకు అన్నము తినువారికి నోరు రాదు గాని, వానిమీద బ్రేకు మాత్రము పట్టరాదు. ఇక మన వాకిటి కళ్లాపి! అది సిమెంటు రోడ్డుమీదికి పారి, తెల్లవారుజామున పాలవాని బండి జారుట చూడనివారు మనలో తక్కువ. ఈ ఒక్క జారుడునకు మందు మన చేతిలోని చెంబులోనే యున్నది. కళ్లాపి గుమ్మము దాటకుండ చల్లినచో చాలును.

టైరు ఎంత లావుగా కనబడినను అది నేలను తాకు మేర మన అరచేతికి మించదు. బండి పోవుట, మలగుట, ఆగుట అను మూడు పనులును ఆ అరచేయంత పట్టుమీదనే జరుగవలెను. గ్లాసెడు పాలను ముగ్గురు బిడ్డలకు పంచినట్లు, ఒకరికి ఎక్కువ పోసినచో మిగిలినవారికి తరుగును. పొడి రోడ్డున గ్లాసు నిండుగా నుండును. మలుపులో కొంచెము బ్రేకు వేసినను చెల్లును. బురదలో గ్లాసు సగమునకు లోబడియుండును. మలుపు త్రాగినదిపోగా బ్రేకునకు చుక్కయైన మిగులదు. అందుచేత జారు నేలమీద ఒకసారికి ఒక్క పనియే చేయవలెను: వేగము తగ్గించుట మలుపునకు ముందు, తిన్నగా నున్నప్పుడే; మలుపులో బ్రేకును ముట్టరాదు; మలుపు దాటి బండి నిలువుగా లేచిన పిమ్మటనే వేగము పెంచవలెను.

దూరపు లెక్కయు చెప్పెదము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి పొడి తారురోడ్డుపై, బ్రేకులు చక్కగా పట్టిన తరువాత, సుమారు 9, 10 మీటర్లలో ఆగగలదు. తడి రోడ్డున 15 మీటర్లయినను కావలయును. వదులు కంకరపై ఇంకను ఎక్కువ. ఆపద కనబడి చేయి బ్రేకుమీదికి పోవుటకు ఒక్క సెకను పట్టినను ఆ సెకనులోనే 11 మీటర్లు గడచిపోవును. వేగము సగము చేసినచో బ్రేకు పట్టిన తరువాతి దూరము నాలుగవ వంతునకు దిగును. కావున వేగము తగ్గించుకొమ్మనువారి మాట తప్పు కాదు.

ఐనను భయపడినవారికి ఆ మాట ఒక్కటే చెప్పి విడుచుట చాలదు. ఒక్కొక్కప్పుడు దానివలన కీడు గూడ కలుగును. నెమ్మది యనగా వారు నడకకంటె మెల్లగా పోవుదురు. అంత మెల్లని వేగమున ద్విచక్రము తనంతట నిలువజాలదని చిన్ననాడు సైకిలు నేర్చిన వారందరు ఎరుగుదురు. భయపడినవారి దేహమును చూడుడు. మోచేతులు కఱ్ఱలవలె బిగియును. చూపు ముందుచక్రమునకు రెండు గజముల దూరమున నేలమీద నాటుకొనును. రెండు కాళ్లును క్రిందికి వ్రేలాడుచు నేలను రాచుకొనుచుండును. కుడిచేతి వ్రేళ్లు నాలుగును బ్రేకును పిసుకుచుండును. ఇవన్నియు పడకుండుటకై చేయు పనులు. పడుటకు ఇంతకంటె తగిన సన్నాహము లేదు.

ఇందుకు కారణము బండి నిర్మాణములోనే కలదు. ఆసుపత్రి మంచముల క్రింద చిన్న చక్రములను చూచియుందురు. మంచమును ఏవైపునకు త్రోసిన ఆవైపునకు అవి తామే తిరిగి సర్దుకొనును. మోటారు సైకిలు ముందుచక్రమును అట్టి గుణముతోనే అమర్చబడినది. ఇసుకలో అది ఎడమకు తొలగినచో తానే కుడికి వచ్చును, మరల ఎడమకు పోవును. ఇట్లు పాకుచు పాకుచు దారి చూచుకొనును. చేతులు వదులుగా నున్నంతవరకు ఈ ఊగులాట హేండిలులోనే ముగియును. చేతులు బిగిసినచో ఆ ఊగు భుజములకెక్కి, దేహమునంతయు కదల్చి, బండినే ఒరగదోయును. అనగా పెక్కుసార్లు బండిని పడవేయునది ఇసుక కాదు, ఇసుకలో మన బిగువు. ఈ సంగతి చదివినంతమాత్రమున దేహము నమ్మదు. చక్రము ఊగినను తాను పడలేదని అది పదిసార్లు, ఇరువదిసార్లు అనుభవించి నమ్మవలెను. జంకు తీర్చు శిక్షణ యంతయు ఈ అనుభవమును అపాయములేని చోట, చిన్నచిన్న మోతాదులుగా ఇచ్చుటయే.

ఇసుకతో చెలిమి చేసిన స్త్రీలు ఈనాటివారు మాత్రమే కారు. థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అను ఇద్దరు ఆంగ్లవనితలు 1934 డిసెంబరులో లండనునుండి బయలుదేరి, 600 సీసీ పాంథర్ మోటారు సైకిలునకు పక్కబండిని, వెనుక మరియొక బండిని తగిలించుకొని, సహారా ఎడారిని దాటి, 1935 జులైలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను చేరిరి. దిగబడిన చక్రములను త్రవ్వి తీయుటయే వారికి ఎడారిలో నిత్యకృత్యమయ్యెను. ఆ వాలక్ గారు ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సైన్యమున బండిమీద వార్తలు మోసి, పెద్దవయస్సున అమెరికాలోని ఫీనిక్స్ నగరమున బండి నడుపుట నేర్పు పాఠశాలను నడపిరి. మన వైపుననే, 2018 ఫిబ్రవరిలో నలుగురు స్త్రీలు హైదరాబాదునుండి మోటారు సైకిళ్లపై బయలుదేరి బర్మా, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములను చూచివచ్చిరి. వారిలో ఒకరైన జైభారతిగారు స్త్రీలకు బండి నేర్పు సంస్థను హైదరాబాదున స్థాపించిరి. మన పాఠకురాండ్రు సహారాకు పోవలసిన పని లేదు. కూరగాయల సంతకు పోవు మట్టిదారి దాటగలిగిన చాలును.

ఇప్పుడు మన ఉపాధ్యాయిని మాట. ఆ బడిలోనే వ్యాయామము నేర్పు యువతి ఒకరు కలరు. ఆమెయు మోటారు సైకిలు నడుపును. ఈమె బస్సులవెంట పరుగెత్తుట చూచి చూచి, “అక్కా, ఆరు ఆదివారాలు నాకివ్వండి. ఆ తరువాత మీరు మానుకుంటానంటే మానుకోండి” అనెను. బడి ఆటస్థలము, ప్రొద్దున ఏడు గంటల వేళ, బిడ్డలు లేని సమయము. తలకు పట్టీ బిగించిన హెల్మెటు, చేతులకు దళసరి తొడుగులు, చీలమండలు కప్పు బూట్లు, జీనుగుడ్డ లాగు, నిండుచేతుల చొక్కా. చీరకొంగుగాని చున్నీగాని చక్రము దరిదాపులకు రాకూడదని ఆ యువతి మొదటనే చెప్పెను. మేమును అదే చెప్పెదము. కొంగు చక్రమున చుట్టుకొనిన ప్రమాదములకు నేల జారుడుతో నిమిత్తము లేదు.

మొదటి ఆదివారము ఇంజను పెట్టనేలేదు. బండిని నిలువబెట్టి, నడుముతో ఆనించుకొని, ఎడమకు కొంచెము, కుడికి కొంచెము వంచి, ఏ వంపువరకు భారము తెలియదో, ఏ వంపునుండి బరువు మీదపడునో చూపించెను. పిమ్మట మెత్తని గడ్డిమీద బండిని మెల్లగా పరుండబెట్టి లేపుమనెను. సుమారు 140 కిలోల బండి! ముఖము బండివైపు పెట్టి చేతులతో ఎత్తబోయినచో నడుము పట్టివేయును. వీపును సీటునకు ఆనించి, ఒకచేత హేండిలు కొసను, ఒకచేత వెనుక కడ్డీని పట్టుకొని, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనుకకు నడచుచు కాళ్లబలముతో లేపవలెను. బండి కుడివైపునకు పడినచో ముందుగా స్టాండు తీసియుంచవలెను, లేనియెడల లేచిన బండి అటువైపున మరల పడును. గేరులో ఉంచినచో దొర్లిపోదు. మూడుసార్లు లేపినప్పటికి ఆమెకు చెమటలు పోసినవి, నవ్వును వచ్చెను. పడిన బండి దారిలో నలుగురి యెదుట లేవదేమో యను సిగ్గు ఆమె భయములో సగమని అప్పుడు తెలిసెనట. ఈ మాట మేము మరికొందరినోటను వింటిమి.

రెండవ ఆదివారము గట్టినేలపైననే. క్లచ్చిని పూర్తిగా విడువక, సగముపట్టులో ఉంచి, వెనుక బ్రేకును కాలితో లేతగా తాకుచు, మనిషి వడిగా నడచునంత వేగమున పోవుట. లైసెన్సు పరీక్షలో తిప్పించు 8 అంకెనే విశాలముగా, పిమ్మట ఇరుకుగా తిప్పుట. చూపు చక్రముమీద కాక, పోవలసిన చోటిమీద నిలుపుట. చూపు ఎటు పోయిన బండి అటు పోవును. గుంటను చూచుచు పోయినవారు గుంటలోనే పడుదురు. నేర్పు యువతి మైదానపు చివర నిలిచి వ్రేళ్లు చూపుచు “ఎన్ని?” అని అడుగుచుండెను. ఎన్నో చెప్పవలెనన్న తలయెత్తక తప్పదు గదా!

మూడవ ఆదివారమున అసలు మందు. దూరపు దుముకులకై వేసిన ఇసుకనుండి కొంత తెచ్చి ఇరువది అడుగుల పొడవున రెండు వ్రేళ్ల మందమున పరచిరి. గంటకు 15, 20 కిలోమీటర్ల వేగమున, రెండవ గేరులో, తిన్నగా, బ్రేకు ముట్టక, వేగము పెంచక తగ్గించక దాటవలెను. మోకాళ్లతో పెట్రోలు ట్యాంకును అదిమి పట్టుకొనుట, చేతులను పక్షిపిల్లను పట్టుకొనినట్లు వదులుగా ఉంచుట. మొదటిసారి చక్రము ఊగగానే ఆమె కాళ్లు దించివేసిరి. “ఊగనివ్వండక్కా, అదే సర్దుకుంటుంది” అని యువతి కేక. తొమ్మిదవసారికో పదవసారికో కాళ్లు దిగలేదు. ఇరువదవసారికి ఆమె నోట పాట వినబడెనని ఆ యువతి మాతో చెప్పి నవ్వెను. పాట పాడుట మంచి పరీక్షయే. ఊపిరి బిగబట్టినవారి చేతులు వదులు కావు.

నాలుగవదినమున వెనుకచక్రమును కావలెననియే జార్చుట. గంటకు 15 కిలోమీటర్ల వేగమున తిన్నగా పోవుచు, మట్టిమీద వెనుక బ్రేకును గట్టిగా త్రొక్కగా చక్రము బిగిసి, బండి వెనుకభాగము కొంచెము ప్రక్కకు పోవును. త్రొక్కుడు విడిచినచో చక్రము మరల తిరుగును, బండి దారికి వచ్చును. వెనుకచక్రపు జారుడు తోకయాడించుట వంటిది. చూపు ముందుకే యుండి, బండి నిలువుగానే యున్నప్పుడు దానివలన పడవలసిన పని లేదు. ముందుచక్రము బిగిసి జారుట మాత్రము వేరు; అది జారినచో నిలుపుకొనుటకు వ్యవధి అరుదుగా దొరకును. అందువలన ముందు బ్రేకును ఐదవ ఆదివారమునకు వాయిదా వేసిరి. దానిని పిసుకరాదు, నిమ్మకాయ పిండునట్లు రెండు వ్రేళ్లతో మొదట లేతగా, పిమ్మట కొంచెము గట్టిగా, బండి తిన్నగా నున్నప్పుడు మాత్రమే పట్టవలెను. పొడి రోడ్డున బండిని ఎక్కువగా ఆపునది ముందు బ్రేకే, ఏలయన బ్రేకు పట్టగానే భారము ముందునకు ఒరగును. ఆ బ్రేకంటే భయపడి మానివేసినవారు మంచి రోడ్డుమీద ఆగలేక గుద్దుకొందురు. మానరాదు, మచ్చిక చేసికొనవలెను.

ఆరవదినమున గొట్టముతో నేల తడిపి బురద చేసిరి. ఫుట్‌రెస్టులపై కొంచెము లేచి నిలిచి, మోకాళ్లు వదులుగా వంచి పోవుటయు నేర్పిరి. లేచి నిలిచినచో దేహభారము సీటుమీద కాక పాదములమీద ఉండును, క్రింద బండి ఎట్లు ఊగినను పైనున్న మనిషి అంతగా ఊగదు. ఎడ్లబండిలో నిలిచి తోలు రైతును చూచినవారికి ఇది క్రొత్త కాదు. ప్రతిదినమును అరగంట, మించినచో ముప్పావుగంట. అలసట రాకముందే ఆపుట. ఒక మెట్టు దేహమునకు అలవాటు కాకుండ తరువాతి మెట్టు ఎక్కించలేదు. ఏప్రిలులో దాళ్వా కోతలు వచ్చి రోడ్లపై వడ్లు, గడ్డి పరచుకొనునప్పటికి ఆమె తన బండిమీదనే బడికి పోవుచుండిరి. ఆ కాలువగట్టు మలుపు రాగానే ఇప్పటికిని కడుపులో కొంచెము కదలుననియు, అప్పుడు భుజములు దించి ఊపిరి విడుతుననియు చెప్పిరి. బదిలీ మాట ఇంటిలో మరల రాలేదు.

స్కూటరు నడుపువారికి ఈ పాఠమును కొంత మార్చి చెప్పవలెను. స్కూటరు చక్రములు చిన్నవి, గుంటలలోను గాడులలోను త్వరగా దిగును. సగముపట్టు క్లచ్చి లేదు. మోకాళ్లతో పట్టుకొనుటకు ట్యాంకు లేదు. పాదములు రెండును పలకమీద ఆనించి, తొడలతో సీటును పట్టుకొని, యాక్సిలరేటరును కుదుపులేకుండ త్రిప్పుటయే వారి సాధన. వెనుకచక్రము జార్చు పాఠమును మాత్రము స్కూటరువారు చేయకుండుటయే మేలు. ఏలయన మన దేశమున 2019 ఏప్రిల్ 1 నుండి వచ్చిన నిబంధన ప్రకారము 125 సీసీకి మించిన బండ్లకు చక్రము బిగియనీయని ఏబీఎస్ అను ఏర్పాటును, అంతకు లోబడినవానికి ఏబీఎస్ గాని కలిపిన బ్రేకులుగాని అమర్చుచు వచ్చిరి. కలిపిన బ్రేకులున్న స్కూటరుకు ఎడమచేతి బ్రేకు నొక్కినచో ముందుచక్రమునకును కొంత పట్టు పడును. చిన్న మోటారు సైకిళ్లలో కాలి బ్రేకునకు అదే గుణము. తన బండికి ఏది కలదో కొన్నవారిని అడిగి తెలిసికొనక మట్టిలో బ్రేకు పాఠములు మొదలుపెట్టరాదు. ఏబీఎస్ ఉన్నది గదాయని ధీమా పడుటయు తగదు. తడి రోడ్డున అది ప్రాణరక్షకమే. వదులు కంకరమీద బిగిసిన చక్రముకంటె ఎక్కువ దూరము తీసికొనిపోయి ఆపవచ్చును. ఒక్క చక్రమునకు మాత్రమే అది యున్న బండ్లు పెక్కు.

ఎవరు నేర్పవలెనను ప్రశ్న చిన్నది కాదు. భర్త గురువైనచోట పాఠము పదినిమిషములలో పాత తగవులలోనికి పోవుట మేమెరిగినదే. నేర్పువారు కేకలు వేయనివారు, తాము చేసి చూపగలవారు, రెండవమారు అడిగినను విసుగుకొననివారు కావలెను. వీలైనచో మరియొక స్త్రీ. మట్టిలో బండి నడుపుట నేర్పు మైదానములు కూడ వచ్చినవి. 2015లో డాకార్ పందెమును పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి. ఎస్. సంతోష్ కోలారువద్ద అట్టిదానిని స్థాపించెను. ఇట్టి చోట్ల నేర్చువారి స్వంత బండి గీతలు పడకుండ తేలికయైన చిన్న బండ్లను ఇచ్చి నేర్పు వాడుక కలదు. పడిన నష్టము తమ బండికి కాదన్న నిశ్చింతయే సగము పాఠము నేర్పును. అంత దూరము పోలేనివారికి ఊరి బడి మైదానము, ఒక స్నేహితురాలు, రెండు గంపల ఇసుక చాలును.

అత్తగార్లకు, తల్లులకు ఒక విన్నపము. కోడలు తిరిగి బండి తీయునాడు గుమ్మములో నిలిచి “జాగ్రత్త, జాగ్రత్త” అని పదిసార్లు అనకుడు. ఆ మాట ఆమె భుజములను బిగించివేయును. చేరగానే ఒక ఫోను చేయుమని చెప్పి లోనికి పొండు.

కొందరికి జంకు ఇట్టి సాధనతో తీరదు. పడినది మొదలు నిద్రపట్టకుండుట, ఆ పడుటయే కలలలో వచ్చుట, హారను విన్నను గుండె దడదడలాడుట నెలదినములు దాటియు తగ్గకున్నచో అది పిరికితనము కాదు, వైద్యము గల రుగ్మత. మానసిక వైద్యుని చూడవలెను. ఆ వైద్యులును భయమును మెట్టుమెట్టుగా ఎదుర్కొనజేయు విధమునే తరచుగా వాడుదురు. తలకు దెబ్బ తగిలి స్మృతి తప్పినవారు, ఎముక విరిగినవారు వైద్యుని అనుమతి లేక సాధన మొదలుపెట్టరాదు.

టైరులనుగూర్చి ముగ్గురు పాఠకురాండ్రు అడిగిరి. టైరు గాళ్ల లోపల అడ్డముగా చిన్న గట్టులు పోసియుండును. పై రబ్బరు అరిగి ఆ గట్టులతో సమమైనచో టైరు పని అయిపోయినది, మార్చవలెను. గాలి ఎంత ఉండవలెనో బండిమీదనో దానితో ఇచ్చిన పుస్తకములోనో వ్రాసియుండును; బండి నడపకముందు, టైరు చల్లగా నున్నప్పుడు చూపించుకొనవలెను. వానకాలమున గాలి తగ్గించినచో పట్టు పెరుగునని కొందరు చెప్పుదురు. అది ఇసుకలో నడుపువారి పద్ధతి, తారురోడ్డున నడుపువారికి పనికిరాదు. క్రొత్త టైరు మొదటి నూరు, నూటయేబది కిలోమీటర్లు నున్నగా జారుచుండును. కావున తొలకరికి ఒక నెల ముందుగానే మార్చుకొని, మంచి రోడ్డుమీద కొన్నాళ్లు త్రిప్పియుంచుకొనుడు.